తమిళం మాట్లాడే ముస్లింలు ఎవరివారు?

శ్రీలంక సమస్య అనగానే మన పత్రికలు ఇన్నేళ్లూ రెండే పేర్లు వినిపించాయి: సింహళులు, తమిళులు. మూడో పేరు ఎప్పుడో గాని వినిపించలేదు. ఆ ద్వీపంలో తరతరాలుగా తమిళమే మాట్లాడుతూ, తమ్ముతాము తమిళులమని చెప్పుకోని జనం ఒకరున్నారు. వారు ముస్లింలు. 2012 జనాభా లెక్కల ప్రకారం దేశ జనాభాలో వారు 9 శాతానికి కాస్త పైన. అరబ్బు వర్తకుల సంతతిగా భావించి పోర్చుగీసువారు పెట్టిన ‘మూర్లు’ అన్న పేరే ఇప్పటికీ ప్రభుత్వ రికార్డుల్లో నడుస్తోంది. ఇంట్లో తమిళం, బడిలో తమిళం. పూర్వం వారి మదరసాల్లో అరబీ లిపిలో తమిళం రాసేవారు. దాన్ని ‘అర్వీ’ అంటారు. మన దక్కనీ పెద్దలు ఈ నేల మాటను అరబీ ఫార్సీ అక్షరాల్లో ఎలా రాసుకున్నారో ఎరిగిన వారికి ఇది వింతేమీ కాదు.

మరి ఇంత తమిళం ఉండి కూడా వారు తమిళులు ఎందుకు కాలేదు? ఈ ప్రశ్నకు వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1888లో తమిళ నాయకుడు పొన్నంబలం రామనాథన్ మూర్లు మతం మారిన తమిళులేనని వాదించారు. వినడానికి అది సోదరభావంలా ఉంటుంది. కాని శాసనమండలిలో ముస్లింలకు వేరే స్థానం అక్కరలేదన్న ధ్వని కూడా అందులో ఉంది. ఐ.ఎల్.ఎం. అబ్దుల్ అజీజ్ దానికి 1907లో సమాధానం రాశారు. ఆ తర్వాత 1915లో సింహళ మూకలు ముస్లింల దుకాణాలపై, మస్జిదులపై దాడులు చేశాయి. బ్రిటిష్ ప్రభుత్వం సింహళ నాయకుల్ని నిర్బంధిస్తే, వారి తరఫున వాదించడానికి లండన్ వెళ్లింది ఆ రామనాథన్‌గారే. ‘మీరూ మేమూ ఒక్కటే’ అన్న మనిషి ఆపద వేళ ఎదుటి పక్షాన నిలిచాడన్న మాట ముస్లింల మనసుల్లో ఉండిపోయింది.

అయితే ఇక్కడ ఒక విషయం గట్టిగా చెప్పుకోవాలి. తమిళుల ఫిర్యాదు కల్పితం కాదు. స్వాతంత్ర్యం వచ్చిన 1948లోనే పౌరసత్వ చట్టం తెచ్చి, తేయాకు తోటల్లో చెమటోడ్చే లక్షలాది భారత సంతతి తమిళుల్ని ఏ దేశానికీ చెందనివారిగా చేశారు. ఆ విషయమై విభేదించే ఎస్.జె.వి. చెల్వనాయగం 1949లో ఫెడరల్ పార్టీ పెట్టారు. ఆయన అడిగింది ప్రత్యేక దేశం కాదు, సమాఖ్య మాత్రమే. 1956 జూన్‌లో బండారనాయకే ప్రభుత్వం సింహళమే ఏకైక అధికార భాష అని చట్టం చేసింది. రెండు భాషలుంచితే ఒక దేశం మిగులుతుంది, ఒకే భాష అంటే రెండు దేశాలవుతాయని వామపక్ష నాయకుడు కాల్విన్ ఆర్. డిసిల్వా పార్లమెంటులో హెచ్చరించినా వినలేదు.

అదే 1956 నవంబర్ 1న ఇక్కడ భాషాప్రయుక్త ప్రాతిపదికన ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. పొరుగున ఉన్న మద్రాసులో ద్రావిడ నాడు కావాలన్న డి.ఎం.కె. 1963లో ఆ కోరికను వదులుకుంది, 1967లో ఎన్నికల్లో గెలిచి గద్దెనెక్కింది. 1965 హిందీ వ్యతిరేక ఆందోళనలో ప్రాణాలు పోయిన మాట నిజమే గాని, ఢిల్లీ చివరికి తగ్గింది. కొలంబో తగ్గలేదు. తగ్గినట్లు సంతకం చేసి మళ్లీ చెరిపేసింది. 1957లో చెల్వనాయగంతో చేసుకున్న ఒప్పందాన్ని బౌద్ధ భిక్షువుల ఒత్తిడితో బండారనాయకే 1958లో రద్దు చేశారు. ఆ ఏడే తమిళులపై ఊచకోత సాగింది. మరుసటి ఏడాది ఆయన్నే ఒక భిక్షువు కాల్చిచంపాడు. 1965లో మరో ప్రధానితో మరో ఒప్పందం, అదీ బుట్టదాఖలు. 1970ల మొదట్లో వైద్య, ఇంజనీరింగ్ కోర్సుల్లో చేరడానికి తమిళ మాధ్యమ విద్యార్థులకు ఎక్కువ మార్కులు కావాలన్నారు. 1972 రాజ్యాంగం బౌద్ధమతానికి అగ్రస్థానం ఇచ్చింది. సంతకానికి విలువ లేని చోట పెద్దమనుషుల మాటకు విలువ ఏముంటుంది? కుర్రవాళ్లు తుపాకులు పట్టారు.

ఈ దశలో కూడా ముస్లింలు తమిళులకు దూరంగా జరగలేదు. ప్రత్యేక తమిళ ఈళం కావాలని 1976లో వట్టుక్కోట్టైలో తీర్మానం చేసిన తమిళ ఐక్య విమోచన కూటమికి 1977 ఎన్నికల్లో తూర్పు ప్రాంతపు యువ న్యాయవాది ఎం.హెచ్.ఎం. అష్రఫ్ మద్దతుగా నిలిచారు. 1981లో జాఫ్నా గ్రంథాలయాన్ని పోలీసులు తగలబెట్టినప్పుడు దాదాపు 97 వేల పుస్తకాలు, ఎన్నో తాళపత్రాలు బూడిదయ్యాయి. ఆ దుఃఖాన్ని కవితగా రాసిన వారిలో అందరికీ గుర్తున్న పేరు ఎం.ఎ. నుహ్మాన్, తూర్పు తీరపు ముస్లిం. సాయుధ దళాల్లో చేరిన ముస్లిం యువకులూ ఉన్నారు. 1983 జూలైలో కొలంబో తమిళుల ఇళ్లు మండినప్పుడు ఈ దేశంలో న్యాయం దొరకదన్న నిర్ణయానికి తమిళ జాతి అంతా వచ్చింది.

బంధం తెగింది ఎక్కడ? 1987 జూలైలో రాజీవ్ గాంధీ, జయవర్ధనే చేసుకున్న ఒప్పందం ఉత్తర, తూర్పు రాష్ట్రాల్ని కలిపింది. తూర్పులో మూడోవంతుగా ఉన్న ముస్లింలు ఆ కలయికతో ఆరోవంతుకు దగ్గరగా పడిపోయారు. వారిని ఎవరూ అడగలేదు, ఢిల్లీ అడగలేదు, కొలంబో అడగలేదు, పులులు అసలే అడగలేదు. తమిళుల్ని అడక్కుండా సింహళ ప్రభుత్వం ఏం చేసిందో, ముస్లింల విషయంలో తమిళ రాజకీయం అదే చేసింది. అష్రఫ్ అప్పటికే 1981లో స్థాపించిన ముస్లిం కాంగ్రెస్‌ను ఎన్నికల పార్టీగా మలిచారు. వేరే గొంతు వినిపించిన వారిని ద్రోహులుగా చూడటం పులులకు కొత్త కాదు. తోటి తమిళ సంస్థల వారినే ఎందరినో చంపారు.

1990 ఆగస్టు 3, శుక్రవారం. మట్టక్కళప్పు దగ్గరి కాత్తాన్‌కుడిలో రెండు మస్జిదుల్లో ఇషా నమాజు జరుగుతోంది. సాయుధులు వచ్చి వెనక నుంచి కాల్చారు. పిల్లలతో సహా నూటికి పైగా ప్రాణాలు పోయాయి. వారం గడిచిందో లేదో ఏరావూర్‌లో మళ్లీ అంతమంది. దీనికి బదులుగా ప్రభుత్వం తుపాకులిచ్చిన ముస్లిం హోంగార్డులు తమిళ గ్రామాలపై పడ్డారు. ఈ మాటను దాచి మన బాధ ఒక్కటే చెప్పుకోవడం న్యాయం కాదు.

అక్టోబర్‌లో ఉత్తరం వంతు వచ్చింది. చావకచ్చేరిలో మొదలై, మన్నార్ మీదుగా, అక్టోబర్ 30న జాఫ్నా పట్టణం చేరింది. మైకుల్లో ప్రకటించి ఉస్మానియా కళాశాల మైదానానికి జనాన్ని పిలిపించారు. రెండు గంటల్లో ఊరు వదలాలన్నారు. కట్టుబట్టలు, చేతిలో కొద్ది వందల రూపాయలు. నగలు తీయించుకున్నారు, కొందరి చేతి గడియారాలు కూడా. మన్నార్ ద్వీపం వారు పడవల్లో కల్పిట్టి చేరారు. రెండు వారాల్లో 70 వేలకు పైగా మనుషులు ఉత్తర రాష్ట్రం వదిలారు. దర్జీలు, కంసాలి దుకాణాలవారు, ఇనుప సామాన్ల వర్తకులు, చేపలు పట్టేవారు, బడి పంతుళ్లు. పక్కింటి తమిళులు ఏడ్చారని, అడ్డుపడబోయి బెదిరింపులకు గురయ్యారని వెళ్లినవారే చెబుతారు. తుపాకి ఉన్నవాడి నిర్ణయాన్ని ఒక జాతి మొత్తానికి అంటగట్టకూడదని ఆ మాటలే చెబుతున్నాయి.

2002 కాల్పుల విరమణ వేళ కిళినొచ్చిలో పులుల సిద్ధాంతకర్త ఆంటన్ బాలసింగం ఆ వెళ్లగొట్టడం తప్పేనని ఒప్పుకున్నారు. తర్వాత తమిళ పార్లమెంటు సభ్యుడు సుమంతిరన్ దాన్ని జాతి నిర్మూలన చర్యగానే పేర్కొన్నారు. సొంత జనం కోపాన్ని లెక్కచేయక అన్న మాట గనుక దానికి బరువుంది. 2006లో సుప్రీంకోర్టు తీర్పుతో ఉత్తర, తూర్పు రాష్ట్రాలు మళ్లీ విడిపోయాయి.

2009 మేలో యుద్ధం ముగిసింది. చివరి నెలల్లో ముళ్ళివాయ్‌క్కాల్ తీరంలో చిక్కుకున్న తమిళ పౌరులు 40 వేల మంది వరకు చనిపోయి ఉండవచ్చని ఐక్యరాజ్యసమితి నిపుణుల నివేదిక పేర్కొంది. పులులు పోతే ముస్లింలకు నెమ్మది దొరుకుతుందనుకున్నవారి ఆశ ఎంతోకాలం నిలవలేదు. విజయగర్వంతో ఉన్న సింహళ జాతీయవాదానికి కొత్త శత్రువు కావలసి వచ్చింది. 2014లో అలుత్‌గమ, 2018లో దిగన. 2019 ఏప్రిల్ 21న ఈస్టర్ ప్రార్థనల వేళ చర్చిలలో, హోటళ్లలో బాంబులు పేల్చి 260 మందికి పైగా అమాయకుల్ని చంపిన ముఠా నాయకుడు కాత్తాన్‌కుడి వాడే. మస్జిదులో నెత్తురు చూసిన ఊరు అది. అక్కడి ఉలమాలు అతణ్ని ముందే వెలివేసినా, శిక్ష మాత్రం సముదాయం మొత్తం అనుభవించింది. కోవిడ్ కాలంలో ముస్లిం మృతదేహాల్ని కూడా బలవంతంగా దహనం చేయించారు. 2021 ఫిబ్రవరి వరకు ఖననానికి అనుమతి రాలేదు. 2024లో ప్రభుత్వం అందుకు క్షమాపణ చెప్పింది.

మన తెలుగునాట ఉర్దూ ఇళ్లూ ఉన్నాయి, తెలుగే ఇంటి భాషగా ఉన్న నూర్‌బాషా ఇళ్లూ ఉన్నాయి. భాష ఒక్కటైతే జాతి ఒక్కటేనని, మతం ఒక్కటైతే భాష అక్కరలేదని వాదించేవారు మన దగ్గరా తగులుతారు. వారిని ఒకసారి పుత్తళం చూసి రమ్మనాలి. ఉత్తరం నుంచి వచ్చినవారి పిల్లలు అక్కడే పుట్టి, అక్కడే పెళ్లిళ్లు చేసుకున్నారు. స్థానిక ముస్లింలు మొదట అన్నం పెట్టారు, తర్వాత ఉద్యోగాల దగ్గర, నీళ్ల దగ్గర వీరిని పరాయివారిగానూ చూశారు. మతం ఒక్కటే, భాషా ఒక్కటే అయినచోట కూడా!

యుద్ధం ముగిశాక మన్నార్ జిల్లా ముసలి ప్రాంతానికి తిరిగి వెళ్లినవారికి తమ పాత ఊళ్ల మీద అడవి మొలిచి కనిపించింది. చెట్లు కొట్టి ఇళ్లు కట్టుకోబోతే విల్పత్తు అడవిని నాశనం చేస్తున్నారంటూ కొలంబోలో గొడవ లేచింది. జాఫ్నా సోనక వీధిలో కూలిన గోడల మధ్య కొన్ని కుటుంబాలు మళ్లీ పొయ్యి వెలిగించాయి. ఈ వెళ్లగొట్టడంపై పౌర సంస్థలు తామే ఒక కమిషన్ వేసుకుని 2011లో నివేదిక తెచ్చాయి. ప్రభుత్వం వేసిన యుద్ధ గుణపాఠాల కమిషన్ కూడా అదే ఏడాది వీరి పునరావాసానికి ప్రత్యేక సంఘం ఉండాలని సిఫారసు చేసింది. ఆ నాటికే వెళ్లగొట్టి ఇరవై ఒక్క ఏళ్లు గడిచాయి.