గదుల లెక్క సరే, మనుషుల లెక్క ఏది?

పర్యాటకం ఉపాధికి పెద్ద ఆదరువు అవుతుందన్న నమ్మకంతో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఆతిథ్య రంగానికి వరుసగా ప్రోత్సాహకాలు ప్రకటిస్తున్నాయి. దేశంలోని 50 ప్రధాన పర్యాటక కేంద్రాలను రాష్ట్రాల భాగస్వామ్యంతో తీర్చిదిద్దుతామని, అక్కడి హోటళ్లను మౌలిక సదుపాయాల జాబితాలో చేరుస్తామని 2025-26 కేంద్ర బడ్జెట్ తెలిపింది. 2024-29 పర్యాటక విధానంలో ఆంధ్రప్రదేశ్ ఈ రంగానికి పరిశ్రమ హోదా కల్పించగా, తెలంగాణ 2025-30 కాలానికి తన విధానాన్ని రూపొందించుకుంది. ఈ పత్రాలలో భూమి, పెట్టుబడి, గదుల ప్రస్తావన వివరంగా ఉంటుంది. ఆ గదులను నడిపించే మనుషుల ప్రస్తావన మాత్రం కల్పించబోయే ఉద్యోగాల సంఖ్య దగ్గరే ఆగిపోతుంది. ఆ ఉద్యోగాలు ఎలాంటివి, వాటిలోకి మనుషులు ఎలా వస్తారు, వచ్చినవారు ఎందుకు నిలవరు అన్న ప్రశ్నలకు జవాబు వెతకకుండా ఎన్ని శిక్షణ కేంద్రాలు తెరిచినా అది చిల్లుకుండలో నీళ్లు పోసినట్లే అవుతుంది.

పనివాళ్లు దొరకడం లేదన్నది హోటల్ యజమానుల నోట నిత్యం వినిపించే మాట. 2020 మార్చిలో కరోనా లాక్‌డౌన్‌తో హోటళ్లు మూతపడినప్పుడు ఇంటిదారి పట్టిన సిబ్బందిలో చాలామంది డెలివరీ, దుకాణాలు, కాల్ సెంటర్ల వంటి వేరే కొలువుల్లో కుదురుకొని తిరిగి రాకపోవడంతో ఈ కొరత మరింత బయటపడింది. అయితే దీనిని నైపుణ్యం గల మనుషుల కొరతగా మాత్రమే చూడటం వల్ల పరిష్కారమంతా శిక్షణ చుట్టూనే తిరుగుతోంది. శిక్షణ పొందినవారే కొద్ది కాలానికి ఈ వృత్తిని వదిలేస్తున్నారంటే లోపం ఎక్కువగా ఉద్యోగంలోనే ఉన్నదని గ్రహించాలి.

పని తీరు, పని వేళలు

హోటల్‌లో ప్రధానంగా నాలుగు విభాగాలుంటాయి. అతిథులకు గదులు కేటాయించి లెక్కలు చూసేది ఫ్రంట్ ఆఫీస్. గదులను, ఆవరణను శుభ్రంగా ఉంచేది హౌస్‌కీపింగ్. వంటశాల పని చూసేది ఫుడ్ ప్రొడక్షన్. వడ్డన చూసేది ఫుడ్ అండ్ బెవరేజ్ సర్వీస్. అన్నింటిలోనూ అతిథి కంటికి తక్కువగా కనిపించేది హౌస్‌కీపింగ్ పని. స్టార్ హోటళ్లలో ఒక రూమ్ అటెండెంట్ ఒక షిఫ్టులో సాధారణంగా 12 నుంచి 16 గదులు శుభ్రం చేయాల్సి ఉంటుంది. అతిథి ఖాళీ చేసి వెళ్లిన గదిలో పాత దుప్పట్లు, గలీబులు తీసి, పరుపు సరిచూసి, కొత్త దుప్పటిని మూలల వద్ద మడిచి పరుపు కిందకు బిగువుగా తొయ్యాలి. స్నానాల గదిని రుద్ది కడిగి తడి ఆరేలా తుడవాలి. తువ్వాళ్లు, సబ్బులు మార్చి, ప్రతి లైటూ వెలుగుతోందో లేదో చూసి, ఒక్క వెంట్రుక కూడా మిగలకుండా నేల తుడవాలి. ఒక్కో గదికి దొరికే సమయం అరగంటకు అటూ ఇటూ మాత్రమే. నడుము, మోకాళ్లు, భుజాల మీద ఈ పని వేసే భారం ఏ శిక్షణ ప్రణాళికలోనూ లెక్కకు రాదు.

వడ్డన, వంట విభాగాలలో బ్రేక్ షిఫ్ట్ అనే పద్ధతి ఉంది. మధ్యాహ్న భోజనం వేళ కొన్ని గంటలు, తిరిగి రాత్రి భోజనం వేళ కొన్ని గంటలు పని చేయించి, నడుమ మూడు నాలుగు గంటలు విరామం ఇవ్వడాన్ని ఆ పేరుతో పిలుస్తారు. కాగితం మీద పని ఎనిమిది గంటలే అయినా, ఆ విరామంలో దూరాన ఉన్న ఇంటికి వెళ్లి రావడం సాధ్యం కాదు కనుక ఉద్యోగి రోజులో దాదాపు 12 గంటలు హోటల్‌కే అంకితం కావాల్సి వస్తుంది. పండుగలు, పెళ్లి ముహూర్తాలు, సెలవు రోజులు, అంటే మిగతా ప్రపంచం కుటుంబంతో గడిపే వేళలే హోటల్‌కు రద్దీ వేళలు. పెళ్లయ్యాక మహిళలు ఈ రంగాన్ని విడిచిపెట్టడానికి రాత్రి వేళ రవాణా, భద్రతతో పాటు ఈ పని వేళలు కూడా బలమైన కారణం.

జీతం విషయంలోనూ అస్థిరత ఉంది. మూల వేతనం తక్కువగా ఉంచి, బిల్లుపై వసూలు చేసే సర్వీస్ చార్జీలో వాటా, అతిథులిచ్చే టిప్పులు కలిసి జీతాన్ని పూరిస్తాయని భావించే ధోరణి ఈ రంగంలో చిరకాలంగా ఉంది. సర్వీస్ చార్జీని బిల్లులో దానంతట అదే చేర్చకూడదని 2022 జులైలో కేంద్ర వినియోగదారుల పరిరక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు జారీ చేసింది; వాటిని 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది. వినియోగదారుడి కోణంలో ఇది న్యాయమైన నిర్ణయమే. అయితే సిబ్బంది జీతాన్ని అతిథి ఉదారతకు వదిలేయకుండా యాజమాన్యమే పూర్తిగా భరించాలన్న తదుపరి అడుగు కూడా పడితేనే ఆ న్యాయం సంపూర్ణమవుతుంది.

శిక్షణకు మూడు దారులు

హోటల్ మేనేజ్‌మెంట్ విద్యకు దేశంలో ఏడు దశాబ్దాల చరిత్ర ఉంది. 1954లో ముంబయిలో మొదలైన సంస్థ ఈ చదువుకు పునాది వేయగా, 1982లో కేంద్ర పర్యాటక శాఖ పరిధిలో ఏర్పడిన జాతీయ హోటల్ మేనేజ్‌మెంట్, క్యాటరింగ్ టెక్నాలజీ మండలి దేశమంతటా ఉన్న ఇలాంటి సంస్థలకు ఒకే పాఠ్యప్రణాళికను, ఉమ్మడి ప్రవేశ పరీక్షను అందిస్తోంది. హైదరాబాద్ విద్యానగర్‌లోని సంస్థ, తిరుపతిలోని రాష్ట్ర హోటల్ మేనేజ్‌మెంట్ సంస్థ, అక్కడే వంటకళకు ప్రత్యేకించిన ఇండియన్ కలినరీ ఇన్‌స్టిట్యూట్ తెలుగు విద్యార్థులకు అందుబాటులో ఉన్నాయి. పెద్ద హోటల్ సంస్థలు కూడా తమ మేనేజర్లను తామే తయారు చేసుకుంటాయి; ఒబెరాయ్ సంస్థ 1966లోనే సొంత శిక్షణాలయాన్ని నెలకొల్పింది. మూడేళ్ల డిగ్రీకి లక్షల్లో ఫీజు కట్టి బయటికి వచ్చిన విద్యార్థికి తొలి ఉద్యోగంలో దక్కే జీతం ఆ ఖర్చుకు తగినట్లు లేకపోవడంతో విమానయానం, రిటైల్, ఐటీ సేవల సంస్థలు అతన్ని తేలికగా ఆకర్షించగలుగుతున్నాయి. మర్యాద, మాట తీరు, ఓర్పు నేర్పే ఈ చదువుకు బయట మంచి గిరాకీ ఉంది; హోటల్ రంగమే దానికి తక్కువ వెల కడుతోంది.

రెండో దారి స్వల్పకాలిక శిక్షణ. కేంద్ర పర్యాటక శాఖ 2009-10లో ప్రారంభించిన ‘హునర్ సే రోజ్‌గార్ తక్’ పథకం ఎనిమిదో తరగతి చదివిన యువతకు సైతం ఆరు నుంచి ఎనిమిది వారాలలో వంట, వడ్డన, హౌస్‌కీపింగ్ పనులు ఉచితంగా నేర్పే ఆలోచనతో వచ్చింది. పేద కుటుంబాల పిల్లలకు తలుపు తెరిచిన మేలైన ఆలోచన ఇది. కానీ ఇలాంటి పథకాల విజయాన్ని ఎందరికి సర్టిఫికెట్లు ఇచ్చారన్న లెక్కతో కొలిచే అలవాటు పాతుకుపోయింది. శిక్షణ ముగిసిన ఏడాదికి ఎందరు ఉద్యోగంలో ఉన్నారు, వారి జీతం ఎంత పెరిగింది అన్నదే నిజమైన కొలమానం కావాలి.

మూడో దారి పనిచేస్తూ నేర్చుకోవడం. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు తమ సిబ్బంది సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం మేరకు అప్రెంటిస్‌లను, అంటే స్టైపెండ్ తీసుకుంటూ పని నేర్చుకునేవారిని, చేర్చుకోవాలి. ప్రత్యేక అనుమతి లేకుండా అప్రెంటిస్ చేత అదనపు గంటలు పని చేయించరాదని ఆ చట్టం నిర్దేశిస్తోంది. అయితే డిగ్రీలో భాగంగా ఒక సెమిస్టర్ కాలం హోటల్‌లో గడిపే ఇండస్ట్రియల్ ట్రైనీ చాలా సందర్భాలలో ఈ చట్టం గొడుగు కిందకు రాడు. నాలుగు విభాగాలనూ తిప్పి చూపించాల్సిన కాలంలో విద్యార్థిని బాంక్వెట్ హాలు కుర్చీలు సర్దడానికో, వంటశాలలో కూరగాయలు తరగడానికో పరిమితం చేస్తే, రద్దీ వేళ సిబ్బంది కొరతను అతని చేత నామమాత్రపు స్టైపెండ్‌తో పూడ్చుకుంటే, ఆ రంగం గురించి అతనికి కలిగే తొలి అభిప్రాయమే చివరి అభిప్రాయం అవుతుంది. ఈ ట్రైనింగ్ ముగిశాకే చాలామంది విద్యార్థులు వేరే రంగం వైపు చూడటం మొదలుపెడతారన్నది అధ్యాపకులందరికీ తెలిసిన సంగతే.

విస్మృతికి గురైన మాస్టర్లు

ఆతిథ్య రంగం అనగానే స్టార్ హోటల్ గుర్తుకు వస్తుంది కాని, ఈ రంగంలో పనిచేసేవారిలో అత్యధికులు టిఫిన్ హోటళ్లు, మెస్‌లు, దాబాలు, లాడ్జీలు, క్యాటరింగ్ బృందాలలోనే ఉన్నారు. తెల్లవారుజామున నాలుగింటికే లేచి పిండి చూసుకుని పెనం వేడిచేసే దోశ మాస్టర్, టీ మాస్టర్, సప్లయర్, క్లీనర్ అనే వరుసలో సాగే ఈ వ్యవస్థకు పాఠ్యపుస్తకం లేదు, సర్టిఫికెట్ లేదు. క్లీనర్‌గా చేరిన కుర్రవాడు పక్కన నిలబడి చూస్తూ చూస్తూ కొన్నేళ్లకు మాస్టర్ అవుతాడు. పిండి పులుపును వాసనతోనే పసిగట్టి, రోజు వేడిమిని బట్టి నీళ్లు, ఉప్పు సరిచేయగల ఆ నేర్పును ఏ స్వల్పకాలిక కోర్సూ ఇవ్వలేదు. అయినా చేతిలో కాగితం లేనందువల్ల అతనికి పెద్ద హోటల్ గడప దాటే వీలు ఉండదు; బ్యాంకు రుణంతో సొంత హోటల్ పెట్టుకోవడమూ కష్టమే.

ఇలాంటివారి కోసమే పూర్వ అభ్యసన గుర్తింపు అనే విధానాన్ని ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో చేర్చారు. బడిలో కాకుండా పనిలో నేర్చుకున్న నైపుణ్యాన్ని పరీక్షించి, జాతీయ నైపుణ్య అర్హతల చట్రంలోని తగిన స్థాయికి సర్టిఫికెట్ ఇవ్వడం దీని ఉద్దేశం. చిన్న హోటళ్ల సిబ్బందికి దీన్ని చేరవేసే బాధ్యతను హోటల్ యజమానుల సంఘాలు, పురపాలక సంఘాలు పంచుకుంటే, ఆహార భద్రతా ప్రమాణాలలో శిక్షణను కూడా దానితో జోడిస్తే, మాస్టర్ నేర్పుకు గుర్తింపు, తినేవారి ఆరోగ్యానికి భరోసా ఒకేసారి దక్కుతాయి.

నియామకాల వెనుక మధ్యవర్తులు

చిన్న హోటళ్లలో నియామకం తెలిసినవారి ద్వారానే జరుగుతుంది. ఒక మాస్టర్ తన ఊరి నుంచి నలుగురిని వెంట తెస్తాడు. యజమాని భోజనం, వసతితో పాటు అడ్వాన్స్ ఇస్తాడు. ఆపదలో ఆదుకునే ఆ అడ్వాన్సే కొన్నిసార్లు బాకీ తీరేదాకా కదలనివ్వని కట్టు అవుతుంది. హైదరాబాద్, విశాఖపట్నం హోటళ్లలో ఒడిశా, పశ్చిమ బెంగాల్, అస్సాం, నేపాల్ నుంచి వచ్చిన యువకులు పెద్ద సంఖ్యలో కనిపించడానికి కూడా ఈ పరిచయాల గొలుసే కారణం. పెద్ద హోటళ్లలో హౌస్‌కీపింగ్, భద్రత, పాత్రల శుభ్రత వంటి పనులను కాంట్రాక్టు సంస్థలకు అప్పగించడం వల్ల అక్కడ ఏళ్ల తరబడి పనిచేసినా ఆ హోటల్ ఉద్యోగి కాలేనివారు ఎందరో ఉన్నారు.

2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన నాలుగు కార్మిక స్మృతులు ఈ పరిస్థితిని కొంత మార్చగలవు. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలని, నిర్ణీత కాలానికి నియమితులైనవారికి ఏడాది సేవ తర్వాత గ్రాట్యుటీ చెల్లించాలని అవి చెబుతున్నాయి. సంస్థ ఏ పని కోసం ఏర్పడిందో ఆ ప్రధాన కార్యకలాపంలో కొన్ని మినహాయింపులు తప్ప కాంట్రాక్టు కార్మికులను వాడరాదన్న నిబంధన కూడా వాటిలో ఉంది. క్యాటరింగ్, హౌస్‌కీపింగ్ వంటి పనులను ప్రధాన కార్యకలాపాలుగా పరిగణించనక్కర లేదన్న వెసులుబాటు ఆ పనుల కోసమే ఏర్పడని సంస్థలకు మాత్రమే ఉద్దేశించినది. గదులు అద్దెకిచ్చి భోజనం పెట్టడానికే ఏర్పడిన హోటల్‌కు ఇవి ప్రధాన పనులే అవుతాయన్న వాదనకు గట్టి ఆధారం ఉంది. కార్మిక శాఖలు ఈ అంశంపై స్పష్టమైన వైఖరి తీసుకోవడం అవసరం.

గల్ఫ్ దేశాలకు వెళ్లే తెలుగువారిలో హోటల్, క్యాటరింగ్ పనులవారు కూడా ఉన్నారు. పదో తరగతి పూర్తి చేయనివారు ఆ దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద అనుమతి పొందాలి. రిజిస్టరైన ఏజెంట్ వసూలు చేయదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీకి మించకూడదు. దళారుల చేతిలో ఇంతకు ఎన్నో రెట్లు పోగొట్టుకుని, అప్పుతోనే విమానం ఎక్కేవారిని కాపాడాలంటే ప్రభుత్వ రంగంలోని విదేశీ ఉద్యోగ నియామక సంస్థలను, హోటల్ శిక్షణ కేంద్రాలను ఒకదానితో ఒకటి అనుసంధానించాలి.

రాయితీకి షరతు కావాలి

పరిశ్రమ హోదా, పెట్టుబడి రాయితీ, భూమి కేటాయింపు ఇవన్నీ ప్రజాధనంతో ఇచ్చే ప్రోత్సాహకాలు కనుక, వాటికి బదులుగా మంచి ఉద్యోగాలను కోరే హక్కు ప్రభుత్వాలకు ఉంది. రాయితీలో కొంత భాగాన్ని స్థానిక నియామకాలకు, అప్రెంటిస్‌ల సంఖ్యకు, ఏడాది తర్వాత ఉద్యోగంలో కొనసాగుతున్నవారి శాతానికి ముడిపెట్టవచ్చు. బ్రేక్ షిఫ్ట్ తప్పనిసరి అయినచోట విశ్రాంతి గది, విరామ భత్యం, రాత్రి పని చేసే మహిళలకు ఇంటి వరకు రవాణా ఉండాలని షరతు పెట్టవచ్చు. ఇండస్ట్రియల్ ట్రైనీలకు అప్రెంటిస్‌లతో సమానంగా స్టైపెండ్, పని గంటల రక్షణ వర్తింపజేయవచ్చు. క్లీనర్ నుంచి మాస్టర్ దాకా, రూమ్ అటెండెంట్ నుంచి ఎగ్జిక్యూటివ్ హౌస్‌కీపర్ దాకా ఏ మెట్టుకు ఏ నైపుణ్యం, ఏ జీతం అన్నది ముందుగానే తెలిసేలా చేయవచ్చు.

వీటివల్ల ఖర్చు పెరుగుతుందని యాజమాన్యాలు అభ్యంతరం చెప్పవచ్చు. కానీ ఏటా కొత్తవారిని వెతికి, నేర్పి, వారు పోగానే మళ్లీ మొదలుపెట్టడానికి అయ్యే ఖర్చును, అనుభవం లేని సిబ్బంది వల్ల పోగొట్టుకునే అతిథులను కలిపి చూసుకుంటే నిలకడగా ఉండే ఉద్యోగే చవక అని తేలుతుంది. ఒక గది నిర్మించడానికి కోట్లు, లక్షలు లెక్కగట్టే విధాన కర్తలు ఆ గదిని శుభ్రం చేసేవారి జీతాన్ని, విశ్రాంతిని, ఎదుగుదలను కూడా అదే పట్టికలో రాయాలి. అది రాసిన రోజున మాత్రమే ఆతిథ్య రంగం తెలుగు యువత ఎంచుకునే వృత్తి అవుతుంది. అంతవరకు మరో ఉద్యోగం దొరికేదాకా కాలం గడిపే మజిలీగానే మిగులుతుంది.