పడితే పైసలు ఎవరివి?

2025 నవంబరు 30న మన్ కీ బాత్‌లో ప్రధాని నరేంద్ర మోదీ ఇస్రో పెట్టిన డ్రోన్ల పోటీ ముచ్చట చెప్పారు. అంగారకుడి మీద ఉండేటటువంటి పరిస్థితుల్లో డ్రోన్ ఎగరాలె. జీపీఎస్ ఉండదు. రిమోట్ పట్టుకొని నడిపేటోడు ఉండడు. కెమెరా, లోపల రాసిపెట్టిన ప్రోగ్రాం, ఈ రెండింటినీ నమ్ముకొని డ్రోన్ తన దారి తానే చూసుకోవాలె. ఒకటి వెనక ఒకటి పడిపోయినయి. పుణే పిల్లలు పడుతూ లేస్తూ చివరికి ఎగరేసిండ్రు. చంద్రయాన్-2ను కూడా గుర్తు చేసి, పడినా లేవడమే గొప్ప అన్నారు ప్రధాని.

బాగుంది. ఆ పిల్లలకు దండం పెట్టాలె. కాని మా ప్రశ్న ఒక్కటే. పడిన డ్రోన్‌కు పైసలు ఎవరు కట్టాలె?

అదే నవంబరు మొదటి వారంలో తెలంగాణలో ఏం జరిగింది? ఫీజు రీయింబర్స్‌మెంటు బకాయిలు రావడం లేదని ప్రైవేటు ఇంజనీరింగ్, డిగ్రీ కాలేజీలు బంద్ పెట్టుకున్నయి. నెల మొదట్ల కాలేజీ గేటుకు తాళం, నెల చివర్ల రేడియోలో మెచ్చుకోలు. క్లాసే నడవని కాడ డ్రోన్ నడుస్తదా?

ఈ పోటీ లోపలి సంగతి తెలియని ఉద్యోగ మిత్రుల కోసం జర వివరంగా చెప్పాలె. బెంగళూరులోని యు.ఆర్.రావు ఉపగ్రహ కేంద్రం దీన్ని నడిపింది. జీపీఎస్ లేనప్పుడు డ్రోన్‌కు తాను ఎక్కడుందో తెలియదు. కింది నేలను కెమెరా ఫొటోల మీద ఫొటోలు తీస్తది. ఒక ఫొటోలో కనబడ్డ రాయి, గీత, మరక తర్వాతి ఫొటోలో ఎంత జరిగిందో ప్రోగ్రాం లెక్క కడ్తది. ఊగుడును, వేగంలో వచ్చే మార్పును కొలిచే చిన్న సెన్సరు లెక్కను దానికి కలుపుతది. ప్రతి లెక్కలో ఇసుమంత తప్పు ఉంటది. ఆ తప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకుంటయి. నిమిషం గడిచేసరికి డ్రోన్ తాను ఉన్నాననుకునే చోటు ఒకటి, నిజంగా ఉన్న చోటు ఇంకొకటి. నేల నున్నగా, ఒకే రంగులో ఉంటే ఇంకా కష్టం, పట్టుకోవడానికి గుర్తే దొరకదు. రెక్కల గాలికి దుమ్ము లేస్తే కన్ను మూసుకుపోతది. బ్యాటరీ దిగుతుంటే మోటారు బలం మారుతది. ఇవన్నీ పుస్తకంలో చదివితే తెలిసేవి కావు. ఎగరేసి, పడేసి, మళ్లీ ప్రోగ్రాం దిద్దుకుంటేనే తెలుస్తయి.

అంటే ఈ విద్యలో పడుడే పాఠం. ఎన్నిసార్లు పడగలిగితే అంత నేర్చుకుంటడు. మరి ఎవడు ఎక్కువసార్లు పడగలడు? అయ్య జేబు బరువున్నోడు! డ్రోన్ మీద పెట్టే బుల్లి కంప్యూటరు ఒక్కదానికే పదుల వేలు. నల్లగొండ నుంచో ఆదిలాబాద్ నుంచో వచ్చి హాస్టల్‌లో ఉండే పిల్లగాడు అది ఒక్కసారి నేలకు కొట్టుకుంటే మళ్లీ కొనగలడా? వాడు పడుడుకే భయపడతడు. భయపడేటోడు ధైర్యంగా ప్రోగ్రాం రాయడు. పోటీలో వెనకబడతడు. అప్పుడు మనం వానికి మెరిట్ లేదంటం.

కంప్యూటర్‌లనే ఉత్తుత్తిగ ఎగరేసుకోవచ్చు కదా, గెజిబో, పీఎక్స్4, ఆర్డుపైలట్ అన్నీ ఉచితమే కదా అంటరు కొందరు పెద్దమనుషులు. నిజమే, ఉచితమే. ప్రతి విద్యార్థీ వాటితోనే మొదలుపెట్టాలె. జ్యూరిక్ విశ్వవిద్యాలయం వాళ్లు తయారుచేసిన స్విఫ్ట్ అనే డ్రోన్ 2023లో మనుషుల్లో చాంపియన్లను రేసుల్లో ఓడించింది. అది కూడా కంప్యూటర్ లోపలే ఎగురుడు నేర్చుకుంది. కాని ఆ కథలో సగమే చెప్తున్నరు. నిజంగా ఎగిరినప్పటి కొలతలు తెచ్చి కలిపిన తర్వాతనే అది గెలిచింది. కంప్యూటర్‌ల దుమ్ము లేవదు, బ్యాటరీ ఉబ్బదు.

నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయం సంగతి చూడండి. 2019 డిసెంబరులో అమెరికాలోని ఆస్టిన్‌లో ఆల్ఫాపైలట్ పోటీ గెలిచి పది లక్షల డాలర్లు పట్టుకుపోయింది. అప్పుడు కూడా మనిషి ముందు ఓడింది. వాళ్ల డ్రోన్‌కు 12 సెకన్లు పట్టిన దారిని మనిషి 6 సెకన్లలో దాటిండు. 2025 ఏప్రిల్‌లో అబుదాబిలో అదే ల్యాబు, ముందు వైపు ఒకే ఒక్క కెమెరాతో, మనుషుల చాంపియన్లనే ఓడించింది. నడుమ ఐదేండ్లకు పైగా ఏం చేసిండ్రు? పడ్డరు. వాళ్ల విశ్వవిద్యాలయం లోపల నిలువెత్తు వల కట్టిన పంజరం ఉంది, అందులో పడ్డరు. అది కార్పొరేటు కాలేజీ కాదు, సర్కారు సొమ్ముతో నడిచే యూనివర్సిటీ!

మన దగ్గర? మనకు వేడుకలకు కొదువ లేదు. 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో డ్రోన్లతో మందులు పంపే కార్యక్రమం మొదలుపెట్టిండ్రు. ఫొటోలు మంచిగ వచ్చినయి. సంగారెడ్డి జిల్లా కందిలో, ఐఐటీ హైదరాబాద్ ఆవరణలో, 130 కోట్లతో కేంద్రం ఇచ్చిన తిహాన్ ఉంది. మనిషి లేకుండా నడిచే బండ్లను, డ్రోన్లను పరీక్షించే మైదానం అది. 2022 జులై 4న ప్రారంభించిండ్రు. అది ఉండటం మంచిదే. ముంబై రోడ్డెక్కితే వచ్చే ఆ మైదానంలో ఉస్మానియా, కాకతీయ, పాలమూరు పిల్లలకు వారంలో రెండు రోజులు హక్కుగా కేటాయించాలె. సిఫారసు చిట్టీ అడగొద్దు.

2021 డ్రోన్ నియమాల్లో ఒక మంచి మాట ఉంది. గుర్తింపు ఉన్న విద్యాసంస్థ తన సొంత ఆవరణలో, గ్రీన్ జోన్‌లో, పరిశోధన కోసం ఎగరేసుకుంటే పైలట్ లైసెన్సు అక్కర లేదు. కాని బేగంపేట, హకీంపేట రన్‌వేలు పక్కనే ఉన్న నగరంలో ఎక్కడంటే అక్కడ ఎగరేయలేం. అందుకే కప్పున్న హాలు, దాంట్ల వల కావాలె.

ఇగ మన ఆఫీసుల సంగతి. విరిగిన రెక్కకు ఇండెంట్ పెట్టాలె, మూడు కొటేషన్లు తేవాలె, ఫైలు నాలుగు బల్లలు దాటాలె. రెక్క వచ్చేసరికి పిల్లగాడు పాసై పోతడు. ఈ ఫైలు రాసేటోళ్లు కూడా ఈ పత్రిక చదువుతరు, కోపం వద్దు, తప్పు మీది కాదు, పద్ధతిది. పరికరాలు పగులుతయని ముందే ఒప్పుకొని, ఏటా కొంత సొమ్ము విభాగాధిపతి చేతిలో పెట్టండి. ఆ ల్యాబుకు కాంట్రాక్టు పంతులును కాదు, పర్మనెంటు పంతులును పెట్టండి. ప్రతి సెమిస్టరుకు మారే మనిషితో ఐదేండ్ల పని ఎట్ల నడుస్తది?

క్రికెట్ ప్రాక్టీసుకు కట్టే నైలాన్ వల ధర ఎంతో వైస్ ఛాన్సలర్లు ఒక్కసారి బజారుల విచారించండి. కట్టిన రోజు కబురు పెట్టండి. ఫొటో మొదటి పేజీలో వేస్తం.