శిశువుకు గృహమే ప్రథమ సంథ





"ఇంటిపని ఆడపిల్లకు జన్మసిద్ధం, మగపిల్లవాడికి స్వభావవిరుద్ధం" అనే వాదం నేడు ధర్మం పేరిట విరివిగా వినిపిస్తున్నది. ఇది పూర్వపక్షం. దీనిని పరిశీలిద్దాం.

వేదపాఠశాలలో గురువు ఒకమారు పలికితే శిష్యులు రెండుమార్లు పలకడం సంథ. అర్థం తెలియని వయసులోనే బాలుడు గురుముఖాన్ని చూస్తూ ఉదాత్తానుదాత్త స్వరితాలను గ్రహిస్తాడు. గురువు స్వరం తప్పితే ఆ దోషమూ శిష్యునికి సంక్రమిస్తుంది. దానిని శిష్యుని స్వభావమని ఎవరూ అనరు. గృహంలో జరిగేదీ ఇదే. తల్లిదండ్రుల ప్రతి చేష్టా శిశువుకు సంథయే. పెద్దలు ఒక బొమ్మను కొట్టడం చూచిన పిల్లలు తామూ అదే రీతిలో కొట్టారని ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు 1961లో ప్రకటించారు. శ్రేష్ఠుని ఆచరణనే లోకం అనుసరిస్తుందని గీత తృతీయాధ్యాయంలో భగవానుడు ఏనాడో హెచ్చరించాడు. శిశువుకు తల్లిదండ్రులను మించిన శ్రేష్ఠులెవరు?

ఆలయాలలో అన్నసమారాధన నాడు గమనించండి. తొలి పంక్తిలో తండ్రి పక్కన కుమారుడు కూర్చుంటాడు. తల్లి వడ్డిస్తుంది, కుమార్తె మంచినీళ్ళ చెంబుతో ఆమె వెంట తిరుగుతుంది. భోజనానంతరం బాలుడు లేచి వెళ్ళిపోతాడు. అతని విస్తరిని తీయడానికి వంగేది ఆ బాలికయే. శరన్నవరాత్రులలో కుమారీపూజ పేరిట ఆమె పాదాలు కడిగినవారే ఆమె చేత ఆ ఎంగిలి విస్తరి తీయిస్తారు. ఈ రెండింటిలో ఏది ఆ బాలుని మనసున నిలుస్తుందో చెప్పవలెనా?

స్త్రీపురుషుల దేహధర్మాలలో భేదం లేదని నేను అనను. ఎంగిలి విస్తరి తీయడం దేహధర్మం కాదు, అభ్యాసం. అగ్నికి వేడిమిని ఎవరూ నేర్పరు. "మగపిల్లవాడివి, ఏడుస్తావా?" అనీ, "ఆడపిల్లవి, గట్టిగా నవ్వకు" అనీ నిత్యం మందలించి నేర్పవలసినది స్వభావమెట్లా అవుతుంది?

వంట స్త్రీస్వభావమే అయితే ఉత్తమపాకానికి నలభీమపాకమని పేరెందుకు వచ్చింది? భీముడు విరాటుని కొలువులో వలలుడై వండినందువల్ల అతని పౌరుషానికి లోటు కలగలేదు. తిరుమల శ్రీవారి పోటులో నైవేద్యం వండుతున్నదీ పురుషులే. స్వామికి వండవచ్చును గానీ, జ్వరంతో పడుకున్న భార్యకు గంజి కాచకూడదా?

"శాస్త్రమేమంటుంది?" అని అడుగుతారు. పండితురాలైన కుమార్తెను కోరే దంపతులకు బృహదారణ్యకోపనిషత్తు తిలాన్నాన్ని విధించింది. ఆ పాండిత్యం గృహతంత్ర విషయకమని శంకర భగవత్పాదుల భాష్యం. శిరసావహిస్తాను. గృహతంత్రం పాండిత్యమే అయినప్పుడు ఆ విద్యను కుమారునికి నిరాకరించడం ఏమి న్యాయం? ఆ ఉపనిషత్తులోనే గార్గి జనకుని సభలో యాజ్ఞవల్క్యుని ప్రశ్నించింది. అటువంటి సభను కళ్ళారా చూచిన బాలిక నోరు మూసుకొని ఉండడం నేర్చుకుంటుందా?

కావున తండ్రులారా, "స్త్రీని గౌరవించు" అని కుమారునికి బోధించడం కాసేపు ఆపండి. రాబోయే సమారాధనలో మీ ఇల్లాలిని తొలి పంక్తిలో కూర్చోబెట్టి మీరు వడ్డించండి. మీ విస్తరిని మీరే తీయండి. కుమార్తెను కూర్చోనివ్వండి. పిల్లలు చూస్తారు. ఆ సంథ చాలును.

స్వస్తి.