చేతిలో రేడియో, నోటికి తాళము

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణముపై విరుచుకుపడెను. విద్యుత్తు పోయెను, దానివెంట సెల్‌ఫోనులును మూగవోయెను. వార్త ప్రాణమంత విలువైన గడియలో చేతనున్న యంత్రము వృథాయయ్యెను.

ఇంటర్నెట్టు రేడియోను మేము నిందింపము. అమెరికాలోని ఆంధ్రుడు విజయవాడ ఆకాశవాణిని వినగల్గుట దాని చలవయే. కాని అందు ఒక్కొక్క శ్రోతకు ఒక్కొక్క ధార వేఱుగ పంపవలయును. వినువారు పెరిగినకొలది దారి యిరుకగును, డేటా ఖర్చగును. ఎఫ్.ఎం. ప్రసార మట్టిది కాదు. పదిమంది వినినను పదిలక్షలమంది వినినను తరంగ మొక్కటియే, రుసుము లేదు. ప్రసారస్తంభమునకును గాలిభయము కలదు. అయినను ఒక్క స్తంభమును కాపాడుట వందలకొలది టవరులను కాపాడుటకంటె సులభము.

ఎఫ్.ఎం. గ్రాహకము పెక్కు ఫోనులలోని చిప్పునందే యిమిడియున్నది. చెవికి తగిలించుకొను తీగయే దానికి ఏరియలు. ఉన్నదానిని పలుకనీయక మూసివేయుట ఏమి న్యాయము? దానిని తెఱచియుంచుడని 2023లో కేంద్ర ప్రభుత్వము తయారుదారులకు సలహా నిచ్చెను. ట్రాయ్ సంస్థయు ఆ యేటనే అట్లు సిఫారసు చేసెను. మంచిదే. కాని సలహా శాసనము కాదు. లాభ మెఱిగిన వర్తకుడు సలహాకు లొంగునా?

ప్రభుత్వము దీనిని విధిగా చేయవలయును. అంతవఱకు ఫోను కొనువారు ధర యడుగుటకు ముందు, తీగ తగిలించిన రేడియో పలుకునా యని యడుగుదురుగాక! తుపాను మన తీరమునకు క్రొత్త చుట్టము కాదు.