పాస్‌పోర్టు ఒక్కటే చాలదు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాల నుంచి పొట్ట చేతపట్టుకుని పరదేశాలకు పోయేవారిలో ఎక్కువమంది గల్ఫ్ బాట పడతారు. కొందరు ఆఫ్రికా దేశాలకూ వెళతారు. అప్పు చేసి, పుస్తెలు కుదువపెట్టి పాస్‌పోర్టు, వీసా, టికెట్టు సంపాదిస్తారు. ఆఫ్రికాకు పోయేవారికి అవసరమైన ఎల్లో ఫీవర్ టీకా సంగతి మాత్రం చివరి ఘడియ దాకా తెలియనివారు ఉన్నారు.

ఇది మన పల్లెల్లో పసరు తాగే కామెర్లు కాదు. ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాలలో దోమకాటు వల్ల వచ్చే జ్వరం. జబ్బు ముదిరి ఒళ్లు పచ్చబడి, రక్తం పడే దశకు చేరినవారిలో సుమారు సగం మంది పది రోజులలోపే ప్రాణాలు విడుస్తారు. దీన్ని కుదిర్చే మందు లేదు. టీకా ఒక్కటే రక్ష.

ఘనా, ఉగాండా, కాంగో వంటి దేశాలు టీకా సర్టిఫికెట్టు లేనిదే రానివ్వవు. సూది వేయించుకున్న పది రోజులకు గాని ఆ సర్టిఫికెట్టు చెల్లదు. రేపు విమానమనగా నేడు పరుగెత్తితే ప్రయోజనం లేదు. అయితే ఒక్కసారి వేయించుకుంటే చాలు. 2016 జూలై 11 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది.

జ్వరం ఉన్న దేశాల నుంచి సర్టిఫికెట్టు లేకుండా తిరిగివస్తే ఆరోగ్యాధికారులు ఆరు రోజుల దాకా విడిగా ఉంచుతారు. కన్నతండ్రి దినాలకని వచ్చినవాడైనా ఊరు చేరలేడు.

సూది లేకుండానే కార్డు ఇప్పిస్తామనే దళారుల మాట వింటే మోసపోయేది ఒక్క ప్రయాణికుడే కాదు. 2016లో అంగోలాలో ఈ జ్వరం ప్రబలినప్పుడు అక్కడి నుంచి 11 మంది దాన్ని చైనాకు మోసుకొచ్చారు. మన దేశంలో ఈ జ్వరం లేదు. కాని దాన్ని అంటించగల దోమ మన ఇళ్లలోనే ఉంది. డెంగీని తెచ్చే ఏడిస్ దోమే అది. దొంగ కార్డుతో వచ్చినవాడు ఊరంతటికీ ముప్పు తేవచ్చు.

హైదరాబాద్ నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో ఈ టీకా వేస్తారు. పాస్‌పోర్టు వెంట తీసుకుపోవాలి. గుడ్డు పడనివారు, గర్భిణులు, అరవై ఏళ్లు దాటినవారు ముందే డాక్టరుకు చెప్పాలి. ఇక్కడి నుంచి నేరుగా గల్ఫ్‌కు పోయేవారికి ఈ టీకా అక్కరలేదు. ఆ పేరుతో ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వరాదు.

ఇంత చిన్న విషయం తెలియక పేదవాడు వేల రూపాయలు పోగొట్టుకోవడం శోచనీయం. టీకా ఎవరికి అవసరమో, ఎక్కడ, ఏ రోజున వేస్తారో తెలిపే బోర్డులను ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, ప్రతి పంచాయతీ కార్యాలయంలో పెట్టించాలి. కార్మికులను పంపే ఏజెంట్లు టికెట్టు కొనకముందే ఈ సంగతి చెప్పేలా చూడాలి. ఇందుకు కావలసింది పెద్ద ఖర్చు కాదు, అధికారుల శ్రద్ధ మాత్రమే.