ఒప్పందం కుదిరాక కాదు, కుదిరేటప్పుడే

పర్ణశాల చుట్టుపక్కల కోయగూడేల్లో పనిచేసే కార్యకర్తలు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. భూమి కోసం గిరిజనేతరులతో తలపడుతున్న సమయంలో, ఆడపిల్ల వాటా సంగతేమిటని కోయ పెద్దల్ని నిలదీయటం న్యాయమేనా? ముందు జాతి నిలబడాలి, ఆడవాళ్ల సంగతి తర్వాత చూద్దాం అంటారు. ఈ ‘తర్వాత’ మనకి కొత్త కాదు. దక్షిణాఫ్రికా స్త్రీలు దీన్ని ఎలా ఎదుర్కొన్నారో గుర్తుచేసుకోవటం అవసరమనిపిస్తోంది.

అది మనకి మరీ పరాయి దేశమేమీ కాదు. 1860 నుంచి నాటాల్ చెరకు తోటలకి కూలి ఒప్పందాల మీద వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లున్నారు. 1984లో తెల్ల మైనారిటీ ప్రభుత్వం భారతీయ సంతతికి పార్లమెంటులో ఒక విడి సభ ఇచ్చి, నల్లజాతి మెజారిటీని పూర్తిగా బయటే ఉంచింది. నమోదైన భారతీయ ఓటర్లలో దాదాపు అయిదింట నాలుగు వంతులు ఆ ఎన్నికల్లో ఓటు వెయ్యలేదు. తమకి దక్కే వాటా ఎవరిని బయట ఉంచి ఇస్తున్నదో వాళ్లకి తెలుసు.

1990 ఫిబ్రవరిలో మండేలా విడుదల, 1991 డిసెంబరులో చర్చలు. 1992లో బొయిపటాంగ్ హత్యాకాండతో అవి ఆగిపోయాయి. మళ్లీ మొదలయ్యాక 1993 ఏప్రిల్‌లో క్రిస్ హానీ హత్య. 1994 ఏప్రిల్ 27న అందరూ ఓటు వేసే నాటికి వేలమంది చనిపోయారు. దీన్నే శాంతియుత మార్పు అంటున్నాం!

తొలి చర్చల్లో స్త్రీలు బహు కొద్దిమంది. 1992లో పార్టీలకు అతీతంగా మహిళా జాతీయ కూటమి ఏర్పడింది. పాలక పార్టీ స్త్రీలూ, విమోచనోద్యమ స్త్రీలూ అందులో కలిసి కూర్చున్నారు. 1993 చర్చల మండలిలో ప్రతి పక్షం పంపే ఇద్దరు ప్రతినిధుల్లో ఒకరు స్త్రీ కావాలన్న నియమం ఊరికే రాలేదు. తెగల పెద్దలు తమ ఆచార చట్టాన్ని సమానత్వ హక్కు నుంచి మినహాయించమన్నారు. గ్రామీణ స్త్రీలు ఒప్పుకోలేదు. మినహాయింపు రాలేదు. అయినా ఆచార చట్టంలో ఆస్తి పెద్దకొడుక్కే చెందాలన్న నియమాన్ని అక్కడి రాజ్యాంగ న్యాయస్థానం కొట్టేయటానికి 2004 దాకా పట్టింది. భూమి విషయంలో ఆ ఒప్పందం ఇంకా నిరాశ పరిచింది: అయిదేళ్లలో ముప్ఫై శాతం వ్యవసాయ భూమిని చేతులు మారుస్తామన్న హామీ నెరవేరలేదు.

ఇక మన దగ్గరికి వద్దాం. 1996 పీసా చట్టం ఆచార సంప్రదాయాల్ని కాపాడే అధికారాన్ని గ్రామసభకిచ్చింది. మంచిదే. కానీ ఏది ఆచారమో చెప్పేదెవరు? హిందూ వారసత్వ చట్టం షెడ్యూల్డు తెగలకి వర్తించదు గనక కోయ ఆడపిల్లకి దక్కేది పెద్దల దయే. (గీత దాటిందని సీతను తప్పుపట్టే కథని యాత్రికులకి చెప్పే ఊళ్లో ఇది రాస్తున్నాను.) 2025 జూలైలో సుప్రీంకోర్టు, ఛత్తీస్‌గఢ్ గోండు కుటుంబం కేసులో, వాటా నిరాకరించే ఆచారం ఉందని రుజువు కానప్పుడు స్త్రీని కాదనటం సమానత్వానికి విరుద్ధమని చెప్పింది.

పెద్దల భయం ఉత్తదని నేను అనను. గిరిజన స్త్రీని చేసుకుని ఆమె పేరున భూమి అనుభవించే గిరిజనేతరులు ఏజెన్సీలో ఎందరో. కానీ ఆ బినామీని పట్టుకోవటానికి 1/70 ఉంది. దాన్ని అమలు చేయని అధికారిని వదిలేసి, కూతురి వాటా కోయటమేమిటి? హిందూ చట్టాన్ని యథాతథంగా తెచ్చి కోయల మీద రుద్దమనీ నేను అనటం లేదు. ఆచారాన్ని తేల్చే గ్రామసభలో కోయ స్త్రీలు కూర్చోవాలి, మాట్లాడాలి.

2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం పోడు పట్టా భార్యాభర్తలిద్దరి పేరునా ఉండాలి. ఆ హక్కుల్ని తేల్చే గ్రామసభకి హాజరైనవాళ్లలో మూడోవంతు స్త్రీలు లేకపోతే కోరం లేనట్టే. దుమ్ముగూడెం, చర్ల మండలాల్లో పనిచేసే మిత్రులు పట్టా కాగితాలూ, తీర్మానాల పుస్తకాలూ తెరిచి భార్య పేరుందో లేదో, సంతకాల్లో, వేలిముద్రల్లో ఆడవాళ్లవి ఎన్నో లెక్కకట్టి వచ్చే సంచికకి రాయండి.