టర్బో సరే, బ్రేకుల సంగతేంటి?

ముందే చెప్పేస్తున్నా. పాత వ్యానుకి టర్బో ఇంజిన్ ఎక్కించడానికి నేను వ్యతిరేకిని కాదు. ఎక్కించిన దాన్ని ఎవరూ పరీక్షించకుండా రోడ్డు మీదకి వదిలెయ్యడానికి వ్యతిరేకిని. ఈ తేడా మన దగ్గర ఇద్దరికి అర్థం కాదు. ఒకరు షెడ్డులో "ఏం కాదులేన్నా" అనే మెకానిక్కు, రెండోవారు ఆఫీసులో "రూల్స్ ఒప్పుకోవు" అని ఫైలు మూసేసే పెద్దమనిషి.

విషయమేంటంటే, గండికోట పుణ్యమా అని మా ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వైపు కొందరు కుర్రాళ్ళకి క్యాంపర్ వ్యాన్ పిచ్చి పట్టుకుంది. పెన్నా లోయ పక్కన వ్యాను ఆపుకుని, అందులోనే వండుకుని, అందులోనే పడుకోవాలని కోరిక. మంచి కోరికే. వీడియోల్లో ఫోక్స్‌వ్యాగన్ పాత వ్యానుకి సుబారూ ఇంజినో, టీడీఐ ఇంజినో వేసి కొండలెక్కించే తెల్లవాళ్ళని చూస్తారు. ఆ వ్యాను మనకెక్కడ దొరుకుతుంది? దొరికేది మెటాడోర్. ఒకప్పటి బజాజ్ టెంపో వారిది (2005 నుంచి ఆ కంపెనీ పేరు ఫోర్స్ మోటార్స్). పెళ్ళివారిని, కూరగాయల్ని, బడిపిల్లల్ని మోసి మోసి అలిసిపోయిన బండి. దానికి ఎక్కడో గుద్దుకుని తుక్కుకొచ్చిన ఎస్‌యూవీ టర్బో డీజిల్ ఇంజిన్ తెచ్చి బిగిస్తే... ఇంకేముంది, రాకెట్టే!

టర్బో అనేది పాపమేం కాదండీ. 1979లో వచ్చిన మూడో తరం ఫోక్స్‌వ్యాగన్ వ్యానుకి ఆ కంపెనీవాళ్ళే మొదట 1.6 లీటర్ల డీజిల్ ఇంజిన్ పెట్టారు, 50 హార్స్‌పవర్. తర్వాత అదే సైజు ఇంజిన్‌కి టర్బో తగిలిస్తే 70 వచ్చింది. కాకపోతే వాళ్ళకి టెస్టు ట్రాకులున్నాయి, చేసినదాన్ని కొలిచే మనుషులున్నారు. మన షెడ్డులో ఉన్నది వెల్డింగ్ మెషీను, ఆత్మవిశ్వాసం. రెండోది కాస్త ఎక్కువే ఉంది.

సరే, లెక్క చూద్దాం. 60లో పోయే బండి 90లో పోతే దాన్ని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి ఒకటిన్నర రెట్లు కాదు, 2.25 రెట్లు. వేగం వర్గంతో పెరుగుతుంది మరి, ఇంటర్లో అందరం బట్టీపట్టిందే. ఇంజిన్ కొత్తది, బ్రేకులు మాత్రం అవే పాత డ్రమ్ములు. పైగా మంచం, స్టవ్వు, నీళ్ళ ట్యాంకు, బ్యాటరీలు కలిపి బరువూ పెరిగింది. కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఉంది కదా, పాలకోవాకి ఎంత పేరో యాక్సిడెంట్లకీ అంతే పేరు. ఆ దిగుడులో టర్బో ఎంత గొప్పదైనా ఏం చేస్తుంది?

ఇంకోటి వేడి. టర్బో గాలిని నొక్కుతుంది, నొక్కిన గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చడానికి ఇంటర్‌కూలర్ కావాలి, దానికి ఎదురుగాలి తగలాలి. మే నెలలో ముద్దనూరు మీదుగా పులివెందుల పోయి చూడండి, ఆ ఎదురుగాలే పొయ్యిలోంచి వచ్చినట్టుంటుంది. పాత రేడియేటర్ ఆ వేడిని ఎంతసేపు మోస్తుంది? దానికి తోడు మనవాళ్ళ డ్రైవింగ్ అలవాట్లు. ఎంత తోలినా దిగగానే తాళం తీసెయ్యడం ఒకటి. నిమిషానికి లక్షకి పైగా చుట్లు తిరిగే టర్బోకి ఆయిల్ టక్కున ఆగిపోతే, మిగిలిన ఆయిల్ బేరింగుల్లో మాడి మసవుతుంది. ఇహ డీజిల్ మిగుల్తుందని దిగుడులో ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో వదలడం రెండోది. ఇంజిన్ ఆగితే బ్రేక్ బూస్టరుకి వ్యాక్యూమ్ ఉండదు. రెండుసార్లు తొక్కాక పెడల్ రాయిలా బిగుసుకుంటుంది.

ఇప్పుడు రెండో పెద్దమనిషి దగ్గరకొద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో కేరళ కేసులో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించి, అనుమతి లేని ఒక్కో మార్పుకీ 5,000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల వరకూ జైలు, లేదా రెండూ అన్నారు. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ కిట్లకి దారి ఉంది. పదికి తగ్గకుండా రవాణా వాహనాలున్న ఆసామి, అదే మేకు, అదే టైపు ఇంజిన్ మార్చుకోడానికి వెసులుబాటు ఉంది. కానీ ఒక్క పాత వ్యానున్న మామూలు మనిషి వేరే ఇంజిన్ వేసి, "ఇదిగో సార్, పరీక్షించి తప్పులుంటే చెప్పండి" అని తీసుకెళ్ళడానికి ఒక్క కౌంటరూ లేదు.

ఫలితం? పని ఆగలేదు, చీకట్లోకి పోయింది. ఆర్సీలో పాత ఇంజిన్ నంబరు, బండిలో కొత్త ఇంజిన్. అది దొంగ ఇంజినో కాదో ఎవరికి తెలుసు? రేపు ఏదన్నా జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీకి క్లెయిమ్ కొట్టెయ్యడానికి బంగారం లాంటి సాకు. ఎదురుగా బైకు మీద వచ్చే అమాయకుడికి మాత్రం ఏ రూలూ అడ్డురాదు.

"గేట్లు తెరిస్తే ప్రతివాడూ చేస్తాడు" అంటారు. ఇప్పుడు చెయ్యట్లేదా? జర్మనీలో వాళ్ళు గేటు ఎత్తెయ్యలేదు, గేటు దగ్గర మనిషిని పెట్టారు. మార్చిన బండిని అధీకృత ఇన్‌స్పెక్టరు చూస్తాడు, పాసైతే ఆ మార్పు బండి కాగితాల్లోకెక్కుతుంది. ఫెయిలైతే బండి ఇంటికే.

మనకేం తక్కువ? పులివెందులలో 2006 నుంచి జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కాలేజీ ఉంది, ప్రొద్దుటూరులో యోగివేమన యూనివర్సిటీ వారిది ఉంది. రెండింట్లోనూ మెకానికల్ బ్రాంచి ఉంది. ఏటా కొని తెచ్చుకునే ప్రాజెక్టు రిపోర్టుల బదులు ఆ పిల్లలతో నిజం బండికి బ్రేకులు, కూలింగ్, యాక్సిల్ బరువు కొలిపించొచ్చు. ఆ కొలతలు చూసి ఆర్టీవో సంతకం పెట్టేలా నిబంధన రావాలి. మేం సాఫ్ట్‌వేర్‌వాళ్ళం టెస్టింగ్ చెయ్యకుండా వదిలితే రాత్రికి రాత్రి రోల్‌బ్యాక్ చేసుకుంటాం. ఘాట్‌లో రోల్‌బ్యాక్ అంటే బండి నిజంగానే వెనక్కి దొర్లడం.

అంతవరకూ వ్యాను కట్టేవాళ్ళకి నాదొకటే మాట. మీ డబ్బులో మొదటి రూపాయి బ్రేకులకి, రెండోది కూలింగ్‌కి పెట్టండి. ఇంకా మిగిలితే, కాగితాల మీద దారి దొరికితే, అప్పుడు టర్బో గురించి మాట్లాడుకుందాం. గండికోట ఎక్కడికీ పోదు. 40లో వెళ్ళినా ఆ లోయ అంతే లోతుగా కనపడుతుంది.